తలుపులోంచి తొంగిచూసిన టైరు

మా బావ ఉద్యోగమంతా రైల్వే గేటు దగ్గరే గడిచింది. రైలు వచ్చే ముందు గేటు వెయ్యాలి, పోయాక తియ్యాలి. తియ్యడం మరిచిపోతే జనం తిట్టి ఊరుకుంటారు. వెయ్యడం మరిచిపోతే ప్రాణాలు పోతాయి. అందుకని ఆయన ఒంట్లో వెయ్యడం ఒక్కటే పాతుకుపోయింది. రిటైరయ్యాక వెయ్యడానికి గేటు దొరక్క, కనిపించినదల్లా మూయడం మొదలుపెట్టాడు. చుట్టాల ఇళ్ళలో బీరువాలు, దారినపోయే వాళ్ళ సంచుల జిప్పులు, ఎవరివో గొడుగులు. ఒకసారి ఆయనెదురుగా నేను ఆవులిస్తే గడ్డం కింద చెయ్యి పెట్టి నా నోరు మూశాడు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు. కావాలంటే నా నాలుక చూసుకోవచ్చు, కాస్త ముదురు రంగే గానీ నలుపు కాదు.

గేటు దగ్గర బావను ఎక్కువగా విసిగించింది క్వారీ మేనేజరు జీపు. గేటు వేసి ఉంటే ఆ మనిషి హారను మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ఒకరోజు అదే జీపు సరిగ్గా పట్టాల మీద పంక్చరై కూర్చుంది. స్పేరు టైరు లేదు. బావ ఎర్రజెండా పట్టుకుని రైలుకు ఎదురు పరిగెత్తాడు. రైలు ఆగింది గానీ బావ ఆగలేదు. ఇంజను దాటి, గార్డు పెట్టె దాకా వెళ్ళి, అక్కడ గార్డు చేతిలో జెండా పెట్టి కూలబడ్డాడు.

చాలా ఏళ్ళకు ఆ జీపును క్వారీవాళ్ళు తుక్కు కింద వదిలించుకుంటుంటే బావే కొని ఇంటికి లాక్కొచ్చాడు.

"ఇన్నాళ్ళూ దాని హారను విన్నది చాల్లేదా?" అంది మా అక్క.

"ఊరంతా నా ముందునుంచే గేటు దాటింది. నేనొక్కణ్ణే నిలబడిపోయాను. ఒక్కసారి నేనూ దాటి చూస్తా" అన్నాడు బావ.

అక్క దర్జీ. ఇంటిపక్క రేకుల షెడ్డే ఆవిడ దుకాణం. లోపలి గోడ దగ్గర కుట్టు మిషను, కత్తిరింపు బల్ల. మిగిలిన జాగాలోకి జీపు చేరింది. బావ ఇంజను విప్పాడు, బిగించాడు, తుప్పు గీకాడు, ఆకుపచ్చ రంగు వేశాడు. జీపు ముక్కు బల్లకు ఆనించి నిలిపితే, వెనక రెండు రేకు తలుపులూ బొటాబొటిగా మూసుకునేవి. కాపురం సజావుగానే సాగింది. చివరికి మిగిలింది స్పేరు టైరు స్టాండు.

"స్పేరు లేకుండా దీన్ని రోడ్డెక్కించను" అని బావ పట్టు. పట్టాల మీద చూసిన మనిషి, ఎవరు కాదనగలరు? బానెట్ మీద పెడితే రోడ్డు కనపడదు. పక్కన పెడితే షెడ్డు గుమ్మానికి గీసుకుంటుంది. ఇక వెనకే.

నల్లద్దాలు అనే వెల్డరును పిలిచాం. కళ్ళకు ఆ అద్దాలు లేకుండా అతన్ని వాళ్ళావిడ కూడా చూసి ఉండదు. "బాబాయ్, ఈ వెనక రేకు పల్చన. దీనికే చక్రం వేలాడదీస్తే మొదటి గుంతలోనే చిరిగిపోద్ది" అన్నాడు. లోపలివైపు మందపాటి పలక వేసి, దాన్ని ఛాసిస్‌కు బోల్టులతో బిగించాడు. జీపు వెనక తలుపు తెరవాలంటే టైరు అడ్డు తప్పుకోవాలి కదా, అందుకని ఇనప గొట్టంతో ఒక చెయ్యిలా చేసి, ఒకపక్క మడతబందు, ఇంకోపక్క గొళ్ళెం పెట్టాడు.

"రిటైరయ్యావనుకున్నా. మళ్ళీ గేటే కట్టించుకున్నావే!" అన్నాడు నల్లద్దాలు.

"గేటేమిట్రా, స్టాండు."

"లాగితే తెరుచుకుంటది, నెడితే మూసుకుంటది. మరేంటో నువ్వే చెప్పు."

బావ మధ్యాహ్నమంతా దాన్ని తీస్తూ, మూస్తూ, బందుకు గ్రీజు రాస్తూ గడిపాడు.

పలక మందం కొలిచారు, బోల్టుల దూరం కొలిచారు. జీపు పొడవు పెరిగిందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. సాయంత్రం లోపల పెట్టేసరికి టైరు జానెడు బయటికి వచ్చింది. తలుపులు మూసుకోలేదు. వీధి దుమ్మంతా అక్క కుడుతున్న తెల్ల గౌను మీద పడింది.

అక్క అరవలేదు. అదే భయం. "చెల్లెలి ఇంటికి వెళ్తున్నా. ఆదివారం వచ్చేసరికి ఈ తలుపులు మూసి ఉండాలి. లేదంటే పాత ఇనుము వాణ్ణి వెంటబెట్టుకొస్తా" అని సంచి సర్దుకుంది.

ముందు కత్తిరింపు బల్ల, వెనక తలుపు. బావ అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

"బల్ల కాస్త జరుపు బావా."

"బల్ల జరిపితే మీ అక్క నన్ను జరుపుతుంది."

"పోనీ టైరు విప్పి మూల పెట్టు."

"మూలనున్నది స్పేరు కాదు, సామాను."

పైగా తెరిచి ఉన్న తలుపు ఆయనకు కంట్లో నలుసు. అన్నం దగ్గర కూర్చున్నా చూపు అటే. ఆదివారం పొద్దున నాకు విసుగొచ్చి, "టైరు తగ్గదు, తలుపు తగ్గదు. ఎవరో ఒకరి కడుపు కొయ్యండి" అనేసి కాఫీకి పోయాను.

రైల్వేలో పరాచికాలు ఉండవు. రైలొస్తుందంటే వస్తుందనే అర్థం. నేను తిరిగొచ్చేసరికి నల్లద్దాలు నిప్పురవ్వల మధ్య కూర్చుని రెండో తలుపు కోస్తున్నాడు. మొదటి దాంట్లో అప్పటికే అర్ధచంద్రుడు లేచాడు. అంచులకు సైకిలు ట్యూబు ముక్కలు తొడిగారు, నడిమి గడియ తీసి పైనొకటి, కిందొకటి పెట్టారు. తలుపులు మూస్తే రెండు అర్ధచంద్రులూ టైరును మెడపట్టుకున్నట్టు పట్టుకున్నాయి. టైరు వీధిలోకి తొంగిచూస్తోంది.

అక్క దిగింది. వెనకాలే పాత ఇనుము వాడు, అతని తోపుడు బండి. అన్నమాట తప్పే మనిషి కాదు.

"ఏవండీ, ఏమిటిది?"

"తలుపు మూసి ఉంది" అన్నాడు బావ, డ్యూటీ అప్పగిస్తున్నట్టు నిలబడి.

అక్క టైరు చుట్టూ వేలు తిప్పింది. ఎక్కడా దూరలేదు. తలుపు నెట్టింది. కదలలేదు. "మూసే ఉంది" అంది, తనమీద తానే తీర్పు చెప్పుకున్నట్టు. పాత ఇనుము వాడు మాత్రం ఉత్తచేతుల్తో పోలేదు. కోసిన రేకు ముక్కలు పట్టుకెళ్ళాడు.

సోమవారం బావ జీపు బయటికి తీశాడు. అలవాటు కొద్దీ దిగి తలుపులు మూశాడు. టైరు ఖాళీ చేసిన గుండ్రటి కన్నంలోంచి కాసేపటికి ఒక తల లోపలికి వచ్చింది. "గౌను అయిందా అక్కా?" అంది. అక్క అక్కణ్ణించే గౌను అందించింది. ఇన్నాళ్ళూ లోపలికొచ్చి బట్టలు తొక్కేవాళ్ళు, కన్నం దగ్గరే ఆగారు. పైగా మిషను మీద చక్కని వెలుతురు.

బావ గేటు దాటి, సంబరంగా మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి జీపు లోపల పెట్టాడు. షెడ్డు చీకటైంది.

"ఏవండీ, కిటికీ మూసేశారు. తియ్యండి."

"ఇప్పుడేగా వచ్చాను."

"మళ్ళీ వెళ్ళండి. చీకటి పడ్డాక రండి."

ఒక్కసారి దాటితే చాలనుకున్న మనిషి ఇప్పుడు రోజూ దాటాల్సిందే. వద్దన్నా అక్క వినదు. టైరుకు గట్టి గుడ్డతో తొడుగు కూడా కుట్టింది. రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టే వాళ్ళ కోసం దానిమీద ఎర్ర దారంతో పెద్ద అక్షరాలు: మూసి ఉంది, రేపు రండి.

ఆ తొడుగు పగలు కూడా తియ్యరు. మొన్న నేనూ బావతో వెళ్ళాను. గేటు తీసే ఉంది, అయినా పట్టాల ముందు ఆగి అటూ ఇటూ చూడటం ఆయనకు ధర్మం. అద్దంలో చూస్తే మా వెనక రెండు లారీలు, ఒక బస్సు ఆగి, అక్షరాలు కూడబలుక్కుని చదువుకుని, బుద్ధిగా వెనక్కి తిప్పుకుపోతున్నాయి.