మూడు వంకలు పెట్టిన ఇంజను

సుత్తి పట్టకుండా, కింద పడేయకుండా, కేవలం నోటితో ఒక రైలింజన్ని పాడుచేయగలిగిన మొనగాడు ఈ చెన్నపట్నంలో నేనొక్కడినే అయ్యుంటాను. అదీ అలాంటిలాంటి ఇంజను కాదు. అరచేతిలో ఇమిడే బొమ్మ ఇంజనే అయినా, కంపెనీవాళ్ళు మొట్టమొదటి విడతలో చేసి, ఆ తర్వాత అచ్చం అలా చేయడం మానేసిన రకం. లోకంలో అవి ఎన్ని మిగిలాయో నాకు తెలియదు గానీ, వాటిలో ఒకటి తగ్గించిన ఘనత మాత్రం నాదే.

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఆ ఘనత మళ్ళీ గుర్తుకొచ్చింది. పాత బొమ్మ రైళ్ళు కొనేవాళ్ళం, అమ్మేవాళ్ళం, ఊరికే చూసి సంతోషపడేవాళ్ళం కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఎవరో కొత్తాయన ఒక చిన్న ఆకుపచ్చ ఇంజను ఫోటో పెట్టి, ఇది ఏ విడతదో చెప్పగలరా అని అడిగాడు. నేను గడగడా రాసి పంపాను. చక్రాల చువ్వల మధ్య సందులు లేకుండా నిండుగా ఉంటే మొదటి విడత, సందుల్లోంచి అవతలి వెలుగు కనిపిస్తే తర్వాతది. పెట్టెలకు తగిలించే కొక్కెం వెడల్పాటి రేకుదైతే మొదటిది, సన్నటి ప్లాస్టిక్‌దైతే తర్వాతది. నంబరు పల్చటి పొర మీద రాసి అంటించి ఉంటే మొదటిది, నేరుగా అచ్చు వేసి ఉంటే తర్వాతది. ఆయన చేతులు జోడించిన బొమ్మలు వరసగా పంపి, "మీ కన్ను మామూలు కన్ను కాదు సార్" అన్నాడు. ఆ పొగడ్త చదివి ఫోను బోర్లించి పెట్టాను. కాఫీ చల్లారిపోయింది.

మాది సౌకార్‌పేటలో పాత్రల అంగడి. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇత్తడి బిందెలతో మొదలుపెట్టి, మా నాన్న కాలానికి స్టీలుకు దిగాం. పాత ఇత్తడి తెచ్చిస్తే తూకం వేసుకుని కొత్త స్టీలు ఇవ్వడం మా వ్యాపారం. ఆ మూటల్లో ఏమేమో వచ్చేవి: మూతలు పోయిన కూజాలు, చెయ్యి విరిగిన దేవుళ్ళు, ఒకసారి ఒక బొమ్మ రైలింజను. దాన్ని తక్కెట్లో వేయబోతుంటే అడ్డం పడి ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు పట్టిన పిచ్చి, తల నెరిసి అంగడి కొడుక్కి అప్పగించాక కూడా వదల్లేదు. అయితే రైళ్ళ పిచ్చి మధ్యలో వచ్చింది గానీ, బేరం ఉగ్గుపాలతోనే వచ్చింది. మా ఇంట్లో వస్తువు కొనడానికి ఒక పద్ధతి ఉంది. ధర అడగకముందే మూడు వంకలు చెప్పాలి. ఒక్కటే చెబితే అమ్మేవాడు నవ్వి ఊరుకుంటాడు. నాలుగోది చెబితే ఒళ్ళు మండి వస్తువు లోపల పెట్టేస్తాడు. సరిగ్గా మూడు చెబితే తల గోక్కుంటాడు. ఆ గోక్కునే క్షణంలో ధర అడగాలి. దీన్ని అబద్ధమని మాలో ఎవరూ అనుకోరు. అవతలివాడూ అంగడివాడే, మన వంకలు ఎంత దూరం పోతాయో లెక్కగట్టి ముందే ధర పెంచి ఉంచుకుంటాడు. మా అమ్మ కూరగాయల బండి దగ్గర లేత బెండకాయ కొన పుటుక్కున విరిచి, అయ్యో ఎంత ముదిరిపోయిందో అని నిజంగానే బాధపడేది.

నా తోడల్లుడు అంగళ్ళ మనిషి కాదు. మా ఆవిడ అక్క భర్త ఆయన. బడిలో లెక్కల పాఠాలు చెప్పి రిటైరై తొండియార్‌పేటలో ఉంటున్నాడు. ఆటోవాడు అడిగినంత ఇచ్చి, పైగా "చూసుకోని పో నాయనా" అని చెప్పి దిగే రకం. ఆయనంటే నాకు గౌరవం ఉండేది, కాకపోతే దాని వెనకే కొంచెం ఎగతాళి కూడా నిలబడి ఉండేది. ఆయన అన్నగారు ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొదటి ప్రయాణంలో లండన్లో దిగి, మొదటి జీతంతో, ఒక పెద్ద అంగడి అద్దాల వెనక మెరుస్తున్న కొత్త రైలింజన్ని తమ్ముడి కోసం కొన్నారని ఆ ఇంట్లో ఒక కథ. నా పెళ్ళయిన కొత్తలో విన్నాను, ఆ తర్వాత పదిమంది చేరిన ప్రతిసారీ విన్నాను. చెప్పినప్పుడల్లా మా తోడల్లుడి ముఖం చిన్నపిల్లవాడి ముఖమైపోయేది. ఇంజను మాత్రం ఏదో ట్రంకుపెట్టెలో ఉందనేవాడు, చూపించలేదు.

పోయిన ఏడాది ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామాను దించినప్పుడు అది బయటపడింది. ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి హాలంతా పెయింటు వాసన, దాన్ని తోసుకుంటూ వంటింట్లోంచి వదిన వేస్తున్న మురుకుల వాసన. పాత బనీను గుడ్డలో చుట్టిన ఇంజన్ని ఆయన నా చేతిలో పెట్టాడు.

"చూడబ్బయ్యా, నీకు తెలుసు గదా ఇయన్నీ. ఈడ ఎవురుండారు దీంతో ఆడేదానికి? నీకు తోచింది ఇచ్చి ఎత్తుకోని పో."

తిప్పి చూశాను. చక్రాలు నిండుగా ఉన్నాయి. కొక్కెం వెడల్పాటి మొరటు రేకు. కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంటే నంబరు చుట్టూ పల్చటి పొర అంచు కనిపించింది. అడుగున స్క్రూ తల మీద చిన్న గీత కూడా లేదు. అంటే కంపెనీలో బిగించాక దాన్ని ఎవరూ విప్పలేదు. మొదటి విడత. అన్నగారి కథ అక్షరాలా నిజం. ఆ మాట అప్పుడే, అక్కడే, మురుకు నములుతూ చెప్పేయొచ్చు. తోచింది ఇవ్వమన్నాడు కాబట్టి తోచింది ఇచ్చేయొచ్చు. కానీ తోచింది ఇవ్వమన్న మాట అంగడి మనిషి చెవిన పడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"చక్రాలు దీనివి కాదన్నా. చువ్వల మధ్య సందులే లేవు చూడు. ఏదో నాసిరకం బొమ్మవి తెచ్చి తగిలించినారు."

"అట్లనా?"

"కొక్కెమూ అంతే, తకరం రేకు. నంబరు చూస్తివా, ఎవురో చేత్తో అంటించినట్టుండాది."

ఆయన తల గోక్కోలేదు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "మా అన్న లండన్లో కొత్తది కొన్నానని చెప్పినాడే?" అన్నాడు.

మూడు వంకలూ అయిపోయాయి. అక్కడ ఆగి ఉండాలి. "ఓడలోళ్ళ మాటలు నీకు తెలియనివా అన్నా," అని నవ్వాను. "రేవు పక్కన పాత సామాన్ల అంగళ్ళుంటాయి. ఆడ కొనుంటాడు, పాపం."

ఆయన ఇంజన్ని మెల్లగా బనీను గుడ్డలో చుట్టేశాడు. కోపం లేదు. "అయితే నీకిట్ల ఇయ్యకూడదబ్బయ్యా. కొంచెం ఉండనీ" అన్నాడు. నాలుగో వంక పెట్టి బేరం చెడగొట్టుకున్నానే అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. గమనించండి, అప్పటికి నాకు ఉన్న బాధ అదొక్కటే. ఇంటికొచ్చి మా ఆవిడతో, కొన్నాళ్ళు ఆగితే ఆయనే తెస్తాడులే అని ధీమాగా చెప్పాను.

నిజంగానే తెచ్చాడు. ఎండలో బస్సు దిగి, సంచీ గుండెలకు ఆనించుకుని వచ్చాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా సంచీలోంచి కొత్త అట్టపెట్టె తీసి మూత తెరిచాడు. ఇంజను తళతళలాడుతోంది. చక్రాల సందుల్లోంచి ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి. సన్నటి ప్లాస్టిక్ కొక్కెం. నంబరున్న పాత పొర గీకేసి, కుంచెతో ముత్యాల్లాంటి అంకెలు వేసి ఉన్నాయి.

"కోడంబాక్కంలో సినిమాలకు చిన్న చిన్న ఇండ్లూ ఓడలూ చేసే ఆయన ఒకడుండాడు. నువ్వు చెప్పిన మూడూ ఆయనకు చెప్పినా. విరిగిపోయిన వేరే ఇంజను ఏదో ఉంటే దాని చక్రాలు తీసి ఏసినాడు. బాగుండాది గదా? సొంతమనుషులం, పనికిరాని దాన్ని అంటగట్టినానని రేపు నువ్వు అనుకోకూడదు."

"పాత చక్రాలేవన్నా?" అన్నాను.

"అవెందుకు మనకు? పారెయ్యమంటి."

మా ఆవిడ చేతిలోకి తీసుకుని, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయింది. రిపేరు ఖర్చు అడిగితే ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. రిపేరు తనదేనట, పాతదానికి ఎంత అనుకున్నానో అంతే ఇవ్వమన్నాడు. అప్పుడైనా ఎక్కువ ఇవ్వొచ్చు. కానీ ఎక్కువిస్తే ఎందుకని అడుగుతాడు, అడిగితే చెప్పాలి. కాబట్టి మూడు వంకల తర్వాత ఎంతకు అడగాలనుకున్నానో సరిగ్గా అంతే లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన లెక్క చూసుకోకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఈ ఏడాది వాళ్ళ అన్నగారి తద్దినానికి మమ్మల్నీ పిలిచారు. భోజనాల దగ్గర అన్నగారి కూతురు వడ్డిస్తోంది. సొంతంగా ట్యూషన్లు నడుపుకుంటూ పెరంబూరులో ఉంటుంది. తండ్రి ఏడాదికి ఒక్కసారి ఇంటికొచ్చేవాడు కాబట్టి, ఆయన గురించి ఆ పిల్లకు ఉన్నవన్నీ కథలే. గడ్డపెరుగు వడ్డిస్తూ నవ్వుతూ అడిగింది: "చిన్నాయనా, నాయన లండన్లో కొనిందే, ఆ ఇంజను యాడ? ఒకసారి చూపియ్యి."

"ఇచ్చేసినానమ్మా," అన్నాడు మా తోడల్లుడు, ఆకు వంక చూస్తూ. "అది కొత్తది కాదంటలే. మీ నాయన ఊరికే అట్ల చెప్పినాడు మనకు."

"ఊరికేనా?" అంది. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. తర్వాత వరసలో పక్కాయనకు పెరుగు వేయడానికి వంగింది, ముఖం మాకు కనపడకుండా.

"కాదమ్మా," అన్నాను, వరసంతా వినేంత గట్టిగా. "మీ నాయన చెప్పిందే నిజం. అది కొత్తదే, మొదటి విడతది. చూసిన వెంటనే నాకు తెలుసు. తక్కువకు కొట్టేద్దామని అబద్ధం చెప్పింది నేను."

మా తోడల్లుడు ఎడమ చెయ్యి నా భుజం మీద వేశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"చూస్తివామ్మా, ఎంత మంచోడో. ఈ పూట నువ్వు బాధపడకూడదని తప్పు తన మీద ఏసుకుంటాండాడు."

"పర్లేదు అంకుల్," అంది ఆ అమ్మాయి, నన్ను ఓదారుస్తున్నట్టు. "నాయన ఎట్ల కొంటే ఏం, తెచ్చినాడు గదా."

ఒట్టు పెట్టాను. చక్రాల సంగతి, పొర అంచు సంగతి, స్క్రూ సంగతి చెప్పాను. చెప్పేకొద్దీ వాళ్ళ చూపుల్లో నా మీద ప్రేమ పెరిగిపోయింది. వదిన నా ఆకులో ఇంకో వడ వేసింది. ఇంజను తెచ్చి చూపిద్దామా అంటే, దాని మీద ఇప్పుడున్న గుర్తులన్నీ నేనాడిన అబద్ధానికే సాక్ష్యం చెబుతాయి. రైళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరైనా చూసినా, అతుకుల ఇంజనని చెప్పి ఈ ఇంటివాళ్ళ అనుమానం తీర్చి పోతారు.

సరే, లెక్క మొత్తం వేసేద్దాం. నేనిచ్చింది ఒక స్టీలు డబ్బాల సెట్టు ధర. మిగిల్చుకున్నాననుకున్నది అలాంటివి ఇంకో నాలుగు. అంతకంటే ఎక్కువే, తర్వాత వదిన చెప్పిన లెక్కన, కోడంబాక్కంలో ఆయన చేతి నుంచి ఖర్చయింది, నన్ను మోసం చేయకూడదని. మొదటి విడత ఇంజను ఒకటి, తరుగు. ఒక ఓడ మనిషి తమ్ముడితో చెప్పిన నిజం ఒకటి, కూతురి దాకా వెళ్ళకుండానే తరుగు. నాకు వచ్చిన లాభం, మంచివాడన్న పేరు. ఎంత ప్రయత్నించినా దాన్ని వాపసు తీసుకునేవాళ్ళు దొరకలేదు. నా నిజం విషయంలో మాత్రం తేడా అంతా కాలానిదే. చూసిన రోజే చెప్పి ఉంటే అది నిజంగానే చెల్లేది. ఏడాది గడిచాక చెబితే మర్యాద కింద చెల్లిపోయింది.