గుడిబండె డాక్టరమ్మ

ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలంలో నేనొక పెద్ద అబద్ధం ఆడాను. అందుకు ఇంతవరకు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

కర్ణాటకలో బాగేపల్లి తాలూకాలోని మా పల్లెలో బడి కన్నడంలో, ఇల్లు తెలుగులో నడిచేవి. బడి బీరువాలో పిల్లల కోసం రాసిన పల్చటి జీవితచరిత్రలు ఉండేవి. మొదటి లేడీ డాక్టరు, మొదటి పైలటు, మొదటి లాయరు, అందరూ ఆడవాళ్లే. అవ్వకు చదువు రాదు. విత్తనానికి వేరుశనక్కాయలు వొలుస్తూ ఆమె వింటుంటే, కన్నడ అక్షరాలు చూస్తూ తెలుగులో చెప్పడం నా పని. నేను మధ్యలో ఏం కలిపినా పట్టుకునేవాళ్లు లేరు.

హైస్కూలుకు బాగేపల్లి బస్సెక్కాలి. "ఆడపిల్ల దినామూ బస్సులో యాడ పోతాది? చదివింది చాల్లే" అని నాయన తేల్చేశాడు. ఆయనకు ఎదురు చెప్పగలిగింది అవ్వ ఒక్కతే. అందుకే సెలవులకు డాక్టరమ్మ పుస్తకం తెచ్చుకున్నాను. ఆమెది ఎక్కడో సముద్రం పక్క ఊరు. అవ్వకు సముద్రంతో ఏం పని? ఆమెను మాకు దగ్గర్లోని గుడిబండెలో పుట్టించి, రోజూ బస్సెక్కించి చదివించాను.

నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే అవ్వ మంచి చీర కట్టుకుని నాయన ముందు నిలబడింది.

"గుడిబండెకు పోదాం పదప్పా. ఆ డాక్టరమ్మకు మోకాళ్లు చూపించుకోవల్ల."

"ఏ డాక్టరమ్మ?"

అవ్వ పుస్తకం చూపించింది. నాయన వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"ఈమె సచ్చిపోయి శానా ఏండ్లయిందమ్మా. ఊరూ మనది కాదు. నీ మనవరాలు నీకు బాగా పూలు పెట్టింది చెవిలో."

ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. "అవునవ్వా, అబద్ధమే. నన్ను బస్సులో పంపిస్తారని చెప్పినా" అన్నాను.

అవ్వ నన్ను తిట్టలేదు. నాయన వైపు తిరిగింది.

"అంత కాలం నాడే ఒకామె డాక్టరయిందంట. మన ఊర్లో పదో క్లాసు చదివిన ఆడది ఒకతన్నా ఉండాదా? ఈ పిల్ల అబద్ధం గాక ఇంగేమి చెప్తాది?"

నాయన పుస్తకం మూసి అవ్వకిచ్చాడు. తర్వాత నా మొహం చూడకుండానే, "బడిలో టీసీ ఇచ్చినారా?" అని అడిగాడు.

మేష్టరును బతిమాలి దాన్ని తెచ్చుకుని అప్పటికే వారమైంది. పెట్టెలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను.