కొసరు చుట్లు

"మే, ఆ పులివెందుల పెండ్లిలో పేలిన డబ్బా ఉండ్లా... అందులో నేను యాడ తప్పు చేసినానో ఇప్పటికీ తెల్లేదు" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడదంతా ఏంటికి మామా, పండుకో" అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరు మాటలు అవే. ఆ సాయంత్రమే ఆయన పోయాడు. మొన్న మా తమ్ముని కోడలు సెల్‌ఫోనుతో నన్ను ఫోటో తీస్తే, ఆ వెలుగుకు కండ్లు చెదిరి అదంతా మళ్లీ గుర్తుకొచ్చింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు కాబట్టి, ఆ పిల్లనే కూర్చోబెట్టి చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు నా పెండ్లయి ప్రొద్దుటూరు వచ్చాను. ఆయనది రేడియోలు బాగుచేసే అంగడి. కొన్నేండ్లకు ట్రాన్సిస్టర్లు దొరకడం మొదలయ్యాక, జమ్మలమడుగు ఫోటోగ్రాఫరొకాయన వచ్చి, ఫ్లాషు కొట్టిన ప్రతి ఫోటోకూ ఒక బల్బు కాలిపోతోంది, తిరిగి తిరిగి వెలిగేదేదైనా చేసిపెట్టమన్నాడు. టార్చి సెల్లుల కరెంటును ట్రాన్సిస్టరుతో తెంపి తెంపి వదిలి, రాగితీగ చుట్టల గుండా వందల వోల్టులకు పెంచి, డయోడు దాటించి కండెన్సరులో నింపి పెట్టుకుంటే, మీట నొక్కగానే అదంతా గాజుగొట్టంలోకి దూకి రెప్పపాటులో మెరుస్తుంది. మొదటి డబ్బా ఆయనే చుట్టి, మీటరుతో కొలిచి ఇచ్చాడు, బాగా పనిచేసింది. రెండోదానికి లోపలి చుట్ట ఆయన చుట్టి, దానిపైన సన్నతీగ చుట్టే పని నాకిచ్చి, లెక్క తక్కువ కాకూడదు సుమా అని ఒక్కటే చెప్పాడు.

మా పుట్టింట్లో వేరుశనక్కాయలు కొలిచేటప్పుడు కొసరు వేయకుండా ఇస్తే తలవంపులు. ఆ అలవాటుతోనే నేను నూరు చుట్లకొక చింతగింజ పక్కన పెడుతూ, ప్రతి నూటికీ ఇంకో ఇరవై చుట్లు కొసరుగా వేశాను. మంచే చేస్తున్నాననుకున్నాను. పులివెందుల పెండ్లికి పోయే బస్సు కదిలే వేళకు డబ్బా సిద్ధమైంది కాబట్టి, ఆయన ఒకసారి మెరిపించి చూసి, కొలవకుండానే ఇచ్చేశాడు. మాంగళ్యధారణ కోసం ఫోటోగ్రాఫరు దాన్ని చాలాసేపు వేసే ఉంచితే, కండెన్సరు ఉబ్బి పేలి, తాళి కట్టే ఫోటోనే లేకుండా పోయిందట.

మరునాడు అతను అంగడికొచ్చి గట్టిగా కూడా అరవలేదు.

"రేడియో ఈ పొద్దు పాడకుంటే రేపు పాడుతాది. ఆ పిల్లకు తాళి మళ్లా కట్టిస్తావా స్వామీ?"

మా ఆయన డయోడు మార్చి చూశాడు, ట్రాన్సిస్టరు మార్చి చూశాడు. చుట్ట మాత్రం విప్పలేదు, అది నేను లెక్కపెట్టిందని. పైతీగ చుట్లు పెరిగితే వోల్టులు పెరుగుతాయని ఆయన ఎవరికో చెబుతుండగా విన్నాకే నాకు సంగతి అర్థమైంది. అప్పటికే ఆయన తన చేతికి ఆ పని రాదని తేల్చుకుని, ఆ డబ్బాలు చేయడమే మానేశాడు. చెబుదామని ఎన్నోసార్లు అంగడి గడప దాకా పోయి, తిరిగి పొయ్యి దగ్గరికి వచ్చాను. ఏండ్లు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఇప్పుడా వెలుగు అరచేతిలోకి వచ్చింది. అది ఎవరు చేశారో, ఎవరు కొలిచారో మనకు తెలియదు, పాడైతే పారేస్తాం. మా కాలంలో తప్పు ఎవరి చేతిదో ఇంట్లోనే తేలేది. తేల్చవలసినదాన్ని నేను నోరు మూసుకున్నాను.

ఏదీ పాపా, రాసిందంతా ఒకతూరి చదువు, వింటాను. పెద్దదాన్నని జాలిపడి నా తప్పు యాడన్నా తగ్గించి రాసింటావు.