యాభైకీ రెండు వందలకీ నడుమ

పడవల రేడియోలు బాగుచేసే ఆ మెకానిక్‌ది మంచి హస్తవాసి అని రేవంతా చెప్పుకునేది. మూగబోయిన సెట్టు అతని బల్ల ఎక్కితే పలకాల్సిందే. ఇప్పుడా చేతికే వణుకు పట్టుకుంది. పని పోతే తను బతికుండీ లేనట్టేనని లోలోపల కుమిలిపోయేవాడు.

అతనికి పేరు తెచ్చింది బాలన్ అనే రేడియో భాగం. కేబుల్లో సంకేతం ఒక తీగలోనే ఉంటుంది, రెండోది ఎర్త్. యాంటెనాకి మాత్రం రెండు చేతులూ సమానంగా, ఎదురెదురుగా ఊగాలి. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది రెండు తీగచుట్టలు, రెండు కెపాసిటర్లు ఉన్న ఈ చిన్న సర్క్యూట్. కేబుల్‌ది యాభై ఓమ్‌ల అవరోధం, యాంటెనాది రెండు వందలు. "నడిమి విలువ పట్టుకుని చుట్టరా" అన్నాడు పని నేర్పిన మేస్త్రి. ఇతను రెండూ కూడి సగం చేశాడు. నూట ఇరవై అయిదు! ఆ తర్వాత, వెనక్కి తిరిగొచ్చే సంకేతాన్ని చూపే మీటరు ముల్లు దిగేదాకా చుట్లు సాగదీసి, కెపాసిటర్ మర తిప్పి సరిచేసేవాడు. అలా సరిచెయ్యడమే పనితనమనుకున్నాడు పాపం.

ఇప్పుడు చుట్టేది భార్య. అతను చెప్పిన లెక్కకి చుట్టిన ప్రతిదీ తేడా కొడుతోంది. దిద్దబోతే అతని వేళ్లకింద తీగ వంకరపోతోంది. పడవ యజమాని ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

గత్యంతరం లేక, ఇన్నాళ్లూ బొమ్మలు చూసి మూసేసిన పుస్తకం తెరిచాడు. అందులో కూడమని లేదు. రెంటినీ గుణించి వర్గమూలం తియ్యమని ఉంది. తీస్తే వంద.

"వంద ఎలా నడుమవుతుందండీ?" అంది భార్య.

అతను కాగితం మీద లెక్క వేసి చూశాడు. "యాభైకి రెండింతలు వంద. వందకి రెండింతలు రెండు వందలు. అటూ ఇటూ ఒకే పెంపు. నా నూట ఇరవై అయిదేమో యాభైకి రెండున్నర రెట్లు. అక్కణ్ణుంచి రెండు వందలకి రెండింతలు కూడా లేదు."

"అయితే కూడిక పనికిరాదు, రెట్లు చూడాలన్నమాట."

ఆ వందని ఫ్రీక్వెన్సీతోనూ రెండు 'పై'ల (π) తోనూ భాగిస్తే చుట్ట విలువ వచ్చింది. ఆ మూడింటి లబ్ధంతో ఒకటిని భాగిస్తే కెపాసిటర్ది. ఆమె కొత్తగా చుట్టి అతికింది. మీటరు ముల్లు కిందికి దిగి అక్కడే నిలిచింది.

అలవాటుకొద్దీ అతని చెయ్యి చుట్టమీదికి పోయింది.

"ముట్టుకోకండి. సరిపోయింది."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇన్నేళ్లూ ఈ చెయ్యి నా తప్పు లెక్కనే దిద్దిందన్నమాట" అన్నాడు.

"దిద్దిందిగా! ఒక్క పడవైనా మాట అందక ఆగిపోయిందా?" అంటూ ఆమె తీగ తెంపింది. "తర్వాతి పడవది వేరే ఫ్రీక్వెన్సీ. లెక్క చెప్పండి, చుడతాను."

అతను పుస్తకం దగ్గరికి లాక్కుని, వందని కొత్త ఫ్రీక్వెన్సీతో భాగించడం మొదలుపెట్టాడు. ఆమె తీగ పట్టుకుని లెక్క కోసం కూర్చుంది.