ముప్పై మేడం, ఒకటే టీ క్యాను

అదే చెప్తున్నాను, మధ్యలో పేర్లు మాత్రం అడక్కండి. మా సభ గదిలో ఎవరేమన్నారో బయట చెప్పకూడదన్నది మా మేడం పెట్టిన రూలు. ఆవిడ రిటైరైపోయినా రూలు రూలే. ఈ ఒక్క సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో ఉన్న ఇద్దరూ తర్వాత తామే దీన్ని పత్రికలో అచ్చు వేయించుకున్నారు కాబట్టి.

మేడం మా పరిశోధన సంస్థలో టైపిస్టుగా చేరింది. అప్పటికే నేను గెస్ట్‌హౌస్ వంటింట్లో టీ కాస్తున్నాను. అప్పట్లో అన్నీ పెద్ద సభలే. స్టేజీ మీద ఒకాయన చదువుతుంటే కింద రెండొందల మంది కునుకు తీసేవారు. మేడం మూల కూర్చుని అంతా టైపు చేసేది. ఒకరోజు గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, తను టైపు చేసేదంతా వాళ్లు ఇంటి దగ్గర రాసుకొచ్చిందేననీ, అసలు మాటలన్నీ మెట్ల దగ్గరే చెప్పుకుంటున్నారనీ అంది. అయితే సభ మెట్ల దగ్గరే పెట్టండి మేడం అని నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

రెండేళ్లు పెద్దసారు వెంటపడి పర్మిషన్ తెచ్చుకుంది. ముప్పై కుర్చీలు గుండ్రంగా. స్టేజీ లేదు, మైకు లేదు, ఫొటోలు లేవు. పిలుపు అందినవాళ్లే రావాలి. ముప్పై ఒకటో మనిషిని ససేమిరా రానిచ్చేది కాదు. సొంత బావగారు స్నేహితుడి కోసం సీటు అడిగితే లేదంది. ఆయన ఏడాది పాటు ముఖం మాడ్చుకుని, మా మరదలు కాదు, రైల్వే టికెట్ కౌంటరు అని ఊరంతా చెప్పాడు. మేం ముప్పై మేడం అని పేరు పెట్టుకున్నాం. ఆవిడకీ తెలుసు.

పెద్దసారుకి మాత్రం ఈ చిన్న సభ మొదటినుంచీ గిట్టదు. ముప్పై మంది టీ తాగి పోవడానికి ఇంత హడావుడి ఎందుకన్నది ఆయన మాట. ఒక ఏడు తెగేసి చెప్పేశాడు. ఈసారి సభలో ఏదైనా తేలితే సరి, లేకపోతే వచ్చే ఏడు మళ్లీ పెద్ద హాలే అని.

ఆ ఏడు పిలిచినవాళ్లలో గడ్డం డాక్టరుగారు ఒకరు, కళ్లద్దాలావిడ ఒకరు. ఇద్దరిదీ వానపాముల లెక్క. పొలాల్లో తగ్గిపోతున్నాయని ఈయన, తగ్గలేదని ఆవిడ. ఆరేళ్లుగా పత్రికల్లో తిట్టుకోవడమే, ఎదురుపడితే మాటల్లేవు. ఇద్దరి ఉత్తరాల్లోనూ మేడం రెండోవాళ్లు కూడా వస్తున్నారని ముందే రాసేసింది. అయినా ఇద్దరూ వచ్చారు.

తప్పు నేను చేశాను. ముప్పై మందికి ఒకటే టీ క్యాను, దాని కుళాయి సన్నం. పెద్దవాళ్లు పాపం పావుగంట నిలబడుతున్నారని జాలిపడి, స్టోర్‌లోంచి రెండో క్యాను తీసి అవతలి గోడ పక్కన పెట్టాను. మొదటి రెండు రోజులూ గడ్డం డాక్టరుగారి వైపు వాళ్లు ఈ గోడ దగ్గర, కళ్లద్దాలావిడ వైపు వాళ్లు ఆ గోడ దగ్గర. చకచకా తాగేసి ఎవరి కుర్చీలోకి వాళ్లు పోయారు.

రెండో రోజు మధ్యాహ్నం మేడం వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, లైను ఎందుకు తీసేశావు?"

"పాపం, కాళ్లు లాగుతాయి కదా మేడం."

"లాగనీ. నిలబడ్డవాడు పక్కనున్న మనిషితో మాట్లాడక ఏం చేస్తాడు? ఆ కుళాయి బాగుచేయించమని నువ్వు అన్నప్పుడల్లా నేనెందుకు ఊరుకున్నాననుకున్నావు?"

మేడం రెండో క్యానుని తనే చంకన పెట్టుకుని, రిపేరుకని వీధి చివర షాపులో ఇచ్చి వచ్చింది.

మూడో రోజు మళ్లీ లైను. కళ్లద్దాలావిడ వెనకే గడ్డం డాక్టరుగారు వచ్చి పడ్డారు. కుళాయి ఎప్పటిలాగే బొట్టు బొట్టుగా పోస్తోంది. ఆవిడ గ్లాసు సగం నిండిందో లేదో, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీరు ఎంత లోతు తవ్వుతారు?"

"జానెడు. అదే రాశాం కదా."

"మేమూ అదే రాశాం. కానీ ఒక వేసవిలో నేల రాయిలా ఉంటే మా దగ్గర చదివే పిల్లలు బెత్తెడే తవ్వి వదిలేశారు. నాకు ఆలస్యంగా తెలిసింది. ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ గ్లాసు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. నేనే కుళాయి కట్టేశాను. వాన పడిందని తనూ రెండు పొలాలు లెక్కపెట్టకుండా వదిలేశానని ఆవిడ చెప్పింది. వెనకున్నవాళ్లు టీ అడగడం కూడా మానేసి వింటున్నారు. సాయంత్రానికల్లా ఇద్దరూ కలిసి ఒకే పొలంలో మళ్లీ తవ్వాలని కాగితం రాసుకుని, దాన్ని తీసుకుని పెద్దసారు గదికి కలిసే వెళ్లారు. ఆయన ఇక పెద్ద హాలు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఐదేళ్లు మేడం ఆ సభ నడిపింది. మోకాళ్ల ఆపరేషన్‌కని పోయిన వేసవిలో తొందరగా రిటైరైంది. ఎవరిని పిలవాలో రాసుకున్న పుస్తకం కొత్త గుమాస్తా చేతిలో పెట్టింది. క్యాను తీసుకున్నప్పుడు రిపేరు షాపతను రాసిచ్చిన చీటీ నాకిచ్చింది.

క్యాను ఇంకా ఆ షాపులోనే ఉంది. దానికి ఏ రోగమూ లేదు, తీసుకుపొమ్మని షాపతను కనిపించినప్పుడల్లా అంటాడు. మేడం వచ్చి తీసుకుంటారని చెప్తాను. చీటీ పంచదార డబ్బాలో ఉంది.