మలుపు దగ్గర బరువు

వెంకటనర్సు మగ్గం దిగి బండి ఎక్కిన మనిషి. నేత కూలితో ఇల్లు గడవక అచ్చంపేటలో కిరాయికి దిగి, నారాయణపేట చీరలు తెచ్చి, మోటారు సైకిల్ మీద మన్ననూరు ఘాట్ ఎక్కి అమ్రాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో అమ్మేవాడు. బండి నడిపింది ఆయనే గానీ బేరం నడిపింది ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ. చీరల మూట ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చునేది. ఊళ్లోకి చేరగానే చీర మడత విప్పి, కొంగు తన భుజాన వేసుకొని చూపేది. ఘాట్‌లో నిట్టనిలువుగా లేచే మలుపు ఒకటుంది. అక్కడికి రాగానే బండి మూలిగేది.

“జర దిగి నడువే.”

“నేను బరువా, నీ చీరలు బరువా? ముందుగాల గది చెప్పు.”

“చీరలైతే అమ్ముకుంట. నిన్నెవ్వరు కొంటరు?”

ఆమె నవ్వుతూనే మూటను ముందున్న పెట్రోలు టాంకీ మీదికి నెట్టి దిగేది. ఆయన పైదాకా పోయి ఆగేవాడు. ఆమె ఆయాసపడుతూ, తిడుతూ నడిచి వచ్చేది.

పోయిన వానాకాలం లక్ష్మీనర్సమ్మ జ్వరంతో కన్నుమూసింది.

కర్మకాండ ముగిశాక, మెకానిక్ అంజన్న బండికి చెవి ఆనించి విన్నాడు. “ఇంజన్ లోపల అరిగింది మామా. ఎవలకన్న అమ్మెయ్యి” అన్నాడు. వెంకటనర్సుకు ఆ మాట మింగుడుపడలేదు. ఆమె కూర్చున్న సీటు మీద పరాయి మనిషి కూర్చోవడం ఊహకే అందలేదు. అంజన్నకు చెప్పకుండా స్పేర్ పార్టుల దుకాణంలో ఒక సీసా కొన్నాడు. ఇంజన్ ఆయిల్‌లో కలిపే మందు అది. దానితో ఇనుము ఇనుమును ఒరుసుకోదని, అరుగుదల ఆగిపోతుందని దుకాణదారు చెప్పాడు. సీసా మీద కారు బొమ్మ ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. మందు పోసిన రోజే ఇంజన్ చప్పుడు మెత్తబడింది. ఇక ఇది తనకంటే ఎక్కువ కాలమే బతుకుతుందని అనుకున్నాడు.

ఆ వారమే, మిట్టమధ్యాహ్నం, ఆ మలుపు దగ్గర బండి నెమ్మదించింది. మూటలో సగం చీరలు కూడా లేవు. యాక్సిలరేటర్ తిప్పాడు. చప్పుడు పెరిగింది, చక్రం వేగం మాత్రం పెరగలేదు. వెనక ఎవరో వచ్చి మెల్లగా కూర్చున్నట్టు అనిపించింది. ఇంజన్ ఆపాడు. అడవిలో కీచురాళ్లు కూడా అప్పుడే ఆగాయి.

“దిగు” అన్నాడు. అలవాటు కొద్దీ నోటివెంట వచ్చిన మాట అది.

బీడీ ఒకటి తాగి బండి స్టార్ట్ చేశాడు. ఏ మూలుగూ లేకుండా ఎక్కింది. పైకి చేరాక ఆగి, ఖాళీ రోడ్డును చూస్తూ, ఒక మనిషి నడిచి వచ్చేంత సేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత ప్రతిసారీ అంతే. దిగమంటే, కాసేపు ఆగితే, బండి ఎక్కేది. భయం పోయి, ఘాట్ ఎప్పుడెప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలైంది. ఒకసారి ఆయన పైన ఆగి ఉండగా రోడ్డు పక్కన ఎండుటాకులు చప్పుడు చేశాయి, ఎవరో నడుస్తున్న తీరున. ఆ చప్పుడు బండి వెనకదాకా వచ్చి ఆగింది. ఆయన తల తిప్పలేదు. గుంతల్లో పడనీయకుండా, అమ్రాబాద్ దాకా మెల్లగా నడిపాడు.

చివరికి బండిలోంచి వస్తున్న మాడు వాసనను అంజన్నే పసిగట్టాడు.

“మామా, ఇంజన్‌ల ఏం పోసినవ్?”

వెంకటనర్సు చెప్పాడు. అంజన్న తల పట్టుకున్నాడు. “కార్లకు పోసేది బండికి పోస్తరా? కార్ల క్లచ్ ఏరే ఉంటది. మన బండికి క్లచ్ ప్లేట్లు గా ఆయిల్‌లనే మునిగి ఉంటయి. నీ మందుకు ప్లేటును ప్లేటు పట్టుకుంటలేదు. ఘాట్ ఎక్కేకాడ వేడికి జారుతది, సల్లవడ్డంక పట్టుకుంటది. ఇంజన్ అరగొద్దని పోసి ప్లేట్లు అరగదీస్తున్నవ్.”

“మరి దిగుమంటే ఎట్ల ఎక్కుతాంది?”

“ఎవల్ని దిగుమంటున్నవ్?”

ఆయన వెనక సీటు మీది దుమ్ము తుడవసాగాడు. అంజన్న గొంతు తగ్గించి, “తాళం గిటు ఇయ్యి మామా. ఆయిల్ తీసేసి, ప్లేట్లు మార్చి ఇస్త” అన్నాడు.

“ఇప్పుడొద్దు.”

అంజన్న చెప్పింది ఆయనకు అర్థం కాక కాదు. బండి బాగై, ఆ మలుపును ఆగకుండా ఎక్కేస్తే, ఆమె ఎక్కడ దిగుతుంది?

మరుసటి ప్రయాణంలో బండి అక్కడే ఆగింది. “దిగు” అన్నాడు. బీడీ అయిపోయింది. స్టార్ట్ చేస్తే ఇంజన్ అరిచింది, పొగ వాసన కమ్మింది, చక్రం కదల్లేదు. మళ్లీ ఆగాడు. చెట్ల నీడలు రోడ్డు అంచుకు జరిగాయి. “దిగవే, జర” అన్నాడు. కదల్లేదు. “ఎందుకు దిగుతలేవ్?” అని అరిచాడు. బండరాళ్లకు తగిలి తిరిగి వచ్చిన గొంతు తనది కానట్టుంది.

ఇక చేసేది లేక న్యూట్రల్ చేసి, దిగి, హ్యాండిల్ పట్టి తోయబోయాడు. జ్వరంలో ఆమెను దవాఖానకు ఎత్తుకుపోయిన చేతులవి. ఆ బరువు వాటికి బాగా తెలుసు. దానికోసమే కండలు బిగబట్టాడు.

బండి వెంటనే కదిలింది. ఉన్నది బండి బరువే. దాని మీద ఇంకేమీ లేదు.

నాలుగడుగులు తోసి ఆగాడు. వెనక సీటు మీద అరచేయి పెట్టాడు. అంచు నుంచి అంచుకు ఒకే తీరున ఎండకు కాలిపోతోంది. మనిషి కూర్చున్న జాడగా చల్లటి చోటు వేలెడంత కూడా లేదు. వేడికి చేయి మంటపుడుతున్నా చాలాసేపు తీయలేదు.

తర్వాత బండిని దిగువకు తిప్పాడు. అంజన్న దుకాణం అటే. ఇంజన్ లేకపోయినా వాలు మీద దొర్లుతుంది. ఎక్కి కూర్చొని, ఒక కాలు నేల మీద ఉంచాడు. ‘ఎక్కు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అనలేదు. బ్రేకు వదిలాడు.