గచ్చు మీద రెండు బండ్లు

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల ముప్పయ్యేండ్లు బొగ్గు మోసే టబ్బుకు టబ్బు లింకు తగిలించి రిటైరైన అహరోనుకు ఇప్పుడు ఒక్కటే పరేషాన్: దేశం తిరిగేటందుకు కారు వెనక కట్టుకపోయే కారవాన్ కొనాల్నా, ఇల్లూ ఇంజనూ ఒక్కటేగ ఉండే మోటార్‌హోమ్ కొనాల్నా. ఇంటి ముంగట ఉన్నది మాత్రం పాత స్కూటరే. అయినా ఆయనకు ఫికర్ లేదు. కొలతలు తప్పొద్దని వాకిట్ల గచ్చు మీద సుద్దముక్కతోని రెండిటినీ నిండు సైజుల గీసిండు. పొద్దుగాల ఒకదాంట్ల, పొద్దూకంగ ఇంకోదాంట్ల కుర్చేసుకొని కూసుంటడు. ఎవరొచ్చినా గీసిన తలుపుల నుంచే రావాలె; గీత తొక్కితే "గోడ, గోడ!" అని మొత్తుకుంటడు. మొన్న ప్రార్థనకొచ్చిన పాస్టరయ్య సుత చెప్పులిడిచి, తల జర వంచి, తలుపుల నుంచే లోపటికొచ్చిండు.

నిన్న పొద్దూకంగ భార్య ఆనందమ్మ రెండు చేతుల రెండు చాయ గ్లాసులు పట్టుకొని వచ్చేసరికి అహరోను కారవాన్ల ఉన్నడు.

"బండి నడిచేటప్పుడు దీంట్ల మనుషులు కూసోవద్దట," అన్నడు రందిగ. "మనం ముంగట కార్ల, ఇల్లేమో వెనక. లింకు ఊడితే?" అలవాటుగ మెడ తిప్పి వెనకకు చూసుకున్నడు.

ముప్పయ్యేండ్లు ఆయన బాయి నుంచి ఎప్పుడొస్తడా అని తొవ్వ చూసిన మనిషి ఆమె. చుట్టు తిరిగిపోయి, మోటార్‌హోమ్ తలుపుల నుంచి ఎక్కి, డ్రైవర్ పక్క సీటని గీసినకాడ గచ్చు మీదనే కూసున్నది.

"రా, బండి తోలు. చాయ సల్లారుతది."

అహరోను కారవాన్ దిగి, చుట్టు తిరిగొచ్చి ఆమె పక్కన కూసున్నడు.

"తలుపు గట్టిగెయ్యి," అన్నది ఆనందమ్మ.